చువ్వ బలం ఎక్కడుంది?

రాజధాని పనులు 2019లో ఆగిపోయాక, తుళ్లూరు మండలంలో సగం కట్టిన భవనాల మీద ఇనుప చువ్వలు ఏళ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిశాయి. సచివాలయ టవర్ల పునాదులైతే నీళ్లలోనే ఉండిపోయాయి. 2024 ఆగస్టులో ఐఐటీ మద్రాస్, ఐఐటీ హైదరాబాద్ నిపుణులు వచ్చి ఆ కట్టడాలను పరిశీలించారు. ‘తుప్పు గీకేస్తే సరిపోదా, ఇంత హడావుడి ఎందుకు?’ అని మీకూ అనిపించి ఉంటుంది. జవాబు చువ్వ తయారయ్యే చోట ఉంది.

టీఎంటీ చువ్వ రోలింగ్ మిల్లు దాటేటప్పుడు దాదాపు 1000 డిగ్రీల వేడి మీద ఉంటుంది. ఆ వేడిలో ఉక్కు పరమాణువుల అమరికే వేరు. దాన్ని ఆస్టెనైట్ అంటారు, కార్బన్ అందులో హాయిగా కరిగి ఉంటుంది. వెంటనే చువ్వ నీటి జెట్ల మధ్య నుంచి దూసుకెళ్తుంది. సెకను అటూ ఇటూ, అంతే! పైపొర ఒక్కసారిగా చల్లారిపోతుంది. కార్బన్‌కు తప్పుకునే టైమే దొరకదు, కొత్త అమరికలో ఇరుక్కుపోతుంది. అదే మార్టెన్‌సైట్. మహా గట్టిది, కానీ పెళుసు.

అసలు తమాషా ఆ తర్వాతే. లోపలి భాగం ఇంకా ఎర్రగానే ఉంటుంది కదా, ఆ వేడి బయటికి పాకి పైపొర పెళుసుతనాన్ని తగ్గిస్తుంది. వేరే కొలిమి అక్కర్లేదు. మధ్యభాగం మాత్రం నెమ్మదిగా చల్లారి ఫెర్రైట్, పెర్లైట్‌గా మారుతుంది. మెత్తగా, సాగేలా ఉంటుంది. ఉక్కు ఒకటే, చల్లారిన తీరు వేరు. కొడవలి కాల్చి నీళ్లలో ముంచే కమ్మరికి ఇది తరతరాలుగా తెలుసు. ఫేజ్ డయాగ్రం గీయలేదంతే.

ఇప్పుడు తుప్పు సంగతి. అది తినేది పైనుంచి. గట్టి పొర ఉన్నదీ పైనే. అందుకే గుంటలు పడేలా తింటే, పోయిన బరువు కంటే పోయిన బలం ఎక్కువ కావచ్చు. పైపైన పట్టిన ఎర్రపొడికి మాత్రం కంగారు పడక్కర్లేదు. చువ్వను గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచినా ఇదే నష్టం, ఆ పొర మళ్లీ మారిపోతుంది. 2025 మే 2న పనులు మళ్లీ మొదలయ్యాయి. సైటులో కొత్తగా చేరితే మీరు ఆపాల్సింది ఇలాంటివే, మేస్త్రీ నవ్వినా సరే.

మెటలర్జీని మనవాళ్లు కౌన్సెలింగ్‌లో చివర్లో పెడతారు. నా దృష్టిలో అది అన్యాయం. వరంగల్, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీల్లో ఈ బ్రాంచి ఉంది, గేట్‌లో ‘ఎంటీ’ పేరుతో ప్రత్యేక పేపరుంది. హైదరాబాద్‌లోని మిధాని, డీఎంఆర్‌ఎల్‌లలో రోజూ జరిగేది ఈ పనే.

మెకానికల్ వాళ్లయినా సరే, మీ మెటలర్జీ ల్యాబ్‌లో చువ్వ ముక్కను అడ్డంగా కోయించి, నున్నగా పాలిష్ చేసి, ల్యాబ్ అసిస్టెంట్ పక్కనుండగా నైటాల్ రాయండి. ఆల్కహాల్‌లో కొంచెం నైట్రిక్ ఆమ్లం కలిపిన ద్రావణమే అది. అంచున ముదురు వలయం, మధ్యలో లేత బూడిద రంగు తేలతాయి. వలయం చుట్టూ ఒకే మందాన ఉందా, ఎక్కడైనా తెగిందా చూడండి. తెగితే, ఆ చువ్వకు నీళ్లు సమంగా తగల్లేదన్నమాట.