ఊరు మారితే పేరూ మార్చాలా?

ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకునే అలవాటు మీలో ఎవరికైనా ఉందా? ఉంటే నా గోడు మీకు ఇట్టే అర్థమవుతుంది. అక్కడ ఓసారి అగాథా క్రిస్టీ నవల ఒకటి కంటబడింది. పేరు 'మర్డర్ ఇన్ ది కాలే కోచ్'. నేను చదవని క్రిస్టీ! బేరమైనా ఆడకుండా కొనేశాను. ఇంటికొచ్చి మొదలుపెడితే... మంచులో ఆగిపోయిన రైలు, కత్తిపోట్లతో పడివున్న ప్రయాణికుడు, మీసం సవరించుకుంటూ మన పొయిరో! అరె, ఇది 'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్' కదూ! అది అప్పటికే నా బీరువాలో ఉంది. హంతకులెవరో తెలిసిన డిటెక్టివ్ నవలని మళ్లీ డబ్బిచ్చి కొన్న ఘనుణ్ణి నేనే కాబోలు.

పుస్తకాలవాణ్ణి తిట్టుకుని లాభం లేదు. 1934లో ఆ నవల ఇంగ్లండులో ఒక పేరుతోనూ, అమెరికాలో ఇంకో పేరుతోనూ వచ్చింది. ఇంతకీ కారణం ఎవరనుకున్నారు? గ్రాహం గ్రీన్! ఆయన 1932లో రాసిన 'స్టాంబూల్ ట్రెయిన్'ని అమెరికాలో 'ఓరియంట్ ఎక్స్‌ప్రెస్' అని మార్చి అచ్చేశారు. తీరా క్రిస్టీగారి రైలు వచ్చేసరికి ఆ ప్లాట్‌ఫారం ఖాళీగా లేదు! 1974లో సిడ్నీ లుమెట్ దీన్ని సినిమాగా తీసినప్పుడు మాత్రం అసలు పేరే పెట్టుకున్నాడు.

పాఠకుడు తికమక పడకూడదని మార్చారు, బాగానే ఉంది. నాలాంటివాడు ఎనభై తొంభై ఏళ్ల తర్వాత తికమక పడతాడని వాళ్లకేం తెలుసు పాపం. కానీ అన్ని మార్పులూ ఇంత అమాయకమైనవి కావు సుమండీ. ఇయాన్ ఫ్లెమింగ్ తొలి బాండ్ నవల 'కాసినో రాయల్' (1953) అమెరికాలో 1955లో పేపర్‌బ్యాక్‌గా వచ్చినప్పుడు దాని పేరేమిటో తెలుసా? 'యూ ఆస్క్‌డ్ ఫర్ ఇట్'. అంటే కోరి తెచ్చుకున్నావు, అనుభవించు అని! 'మూన్‌రేకర్' కూడా అక్కడ 'టూ హాట్ టు హ్యాండిల్' అయింది. బాండ్ అప్పటికి స్టార్ కాదు మరి. 1962లో 'డాక్టర్ నో' తెరమీదికొచ్చి, షాన్ కానరీ పేరు మోగిపోయాక ఆ చౌకబారు పేర్లని అడిగేవాడు లేడు.

ఇక హ్యారీ పోటర్ సంగతి. 1997లో ఇంగ్లండులో వచ్చిన మొదటి పుస్తకం పేరులో 'ఫిలాసఫర్స్ స్టోన్' అని ఉంటుంది. 1998లో అమెరికాలో అదే పుస్తకం 'సోర్సరర్స్ స్టోన్' అయి కూర్చుంది. ఫిలాసఫర్ అనగానే పిల్లలు ఇదేదో పాఠ్యపుస్తకం అనుకుని పారిపోతారని అక్కడి పబ్లిషర్ భయం. ఆయన మొదట 'స్కూల్ ఆఫ్ మ్యాజిక్' అని పెడదామన్నాడట. అంతకన్నా ఇదే నయమని రచయిత్రి జె.కె. రౌలింగే 'సోర్సరర్స్ స్టోన్' సూచించింది. అప్పటికామె కొత్త రచయిత్రి. చేతిలో డబ్బు లేదు. అమెరికా హక్కులకు ఆ సంస్థ లక్షా అయిదు వేల డాలర్లిచ్చింది. వాదించే ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి? ఒప్పుకోకుండా ఉండాల్సిందని తర్వాత ఆమే అంది.

పోయిందేమిటంటారా? ఫిలాసఫర్స్ స్టోన్ అంటే మన పరుసవేది! ఇనుమును తాకితే బంగారం చేస్తుందని మన అమ్మమ్మలకూ తెలిసిన రాయి. యూరప్‌లో వందల ఏళ్లపాటు రసవాదులు దానికోసం కొలిమి దగ్గర ఆయుష్షు ధారపోశారు. ఆ చరిత్రంతా ఆ ఒక్క మాటలో ఉంది. 'మాంత్రికుడి రాయి' అనేస్తే ఏముంది, ఉత్త రాయి! 2001లో సినిమా తీసినప్పుడు మరీ విచిత్రం. రాయి పేరు వచ్చే సీన్లన్నీ రెండేసి సార్లు తీశారు, అటు వాళ్లకొకటి, ఇటు వాళ్లకొకటి!

నన్ను నిజంగా బాధపెట్టింది మాత్రం స్టీగ్ లార్సన్ వ్యవహారం. స్వీడన్‌కు చెందిన ఈ జర్నలిస్టు తన నవలకి 'స్త్రీలను ద్వేషించే మగవాళ్లు' అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. 2004లో చనిపోయాడు. పుస్తకం 2005లో వచ్చింది. 2008లో ఇంగ్లీషులోకి వచ్చేసరికి అది 'ది గర్ల్ విత్ ది డ్రాగన్ టాటూ' అయింది. అమ్మకాలకు బ్రహ్మాండమైన పేరే, కాదనను. కానీ ఆయన వేలెత్తి చూపించింది ఆ మగవాళ్లని. పేరు మారగానే అందరి చూపూ అమ్మాయి ఒంటిమీది పచ్చబొట్టు మీదికి పోయింది! ఇదేమిటని అడగడానికి రాసినవాడు లేడు.

అన్నట్టు, మార్చడమే పాపమని నేననడం లేదు. ఫ్రెంచిలో కోతికీ చింపాంజీకీ కలిపి మాట ఒక్కటే. అందుకే పియర్ బూల్ నవల (1963) ఇంగ్లండులో 'మంకీ ప్లానెట్' అయితే, అమెరికాలో 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' అయింది. 1968 సినిమాతో రెండోదే నిలిచింది. మన డబ్బింగుల మాటకొస్తే, కమల్ హాసన్ 'తేవర్ మగన్' (1992) తెలుగులో 'క్షత్రియ పుత్రుడు'గా వచ్చింది. తేవర్ అంటే ఎవరో రాజమండ్రి ప్రేక్షకుడికి ఏం తెలుస్తుంది? అక్కడ భాషే వేరు కాబట్టి సరే. ఇంగ్లీషు నుంచి ఇంగ్లీషుకి డబ్బింగేమిటండీ!

మొన్నొక మిత్రుడు మా ఇంటికొచ్చి, రైలు ప్రయాణంలో చదువుకుంటానని నా బీరువాలోంచి క్రిస్టీ నవలలు రెండు తీసుకున్నాడు. ఒకటి 'ఓరియంట్ ఎక్స్‌ప్రెస్', ఇంకోటి 'కాలే కోచ్'. నేను నోరు మెదపలేదు!