నల్లరేగడిపై ఎగురు గద్దను ఫోటో తీయుట

చిలకలూరిపేట, పర్చూరు ప్రాంతముల ప్రత్తిచేలపై, గాలిలో ఒకేచోట రెక్కలాడించుచు నిలిచియుండు చిన్న బూడిదరంగు గద్దను మీరు చూచియేయుందురు. భుజములు నలుపు, కన్నులు ఎరుపు, రొమ్ము తెలుపు. దానికి అడవి రామదాసు అని పేరు. అది వెదకుచున్నది చేలోని ఎలుకను.

దానిని ఫోటో తీసినచో తరచు దక్కునది ఆకాశమున ఒక నల్లని మచ్చ. నాకును మొదట అదియే దక్కినది. ఆకాశపు వెలుగునుబట్టి కెమేరా లెక్క కట్టి పక్షిని చీకటి చేయును. కావున అది సూచించినదానికంటె ఒక స్టాపు వెలుగు అధికముగా ఇయ్యవలెను. రెండవ కారణము మన నేలలోనే కలదు. ఇసుకనేలపై పడిన ఎండ పైకి మరలి రెక్కల అడుగును వెలిగించును. నల్లరేగడి దానిని మ్రింగివేయును. మధ్యాహ్నమున ఎంత ఖరీదైన లెన్సును ఈ లోటు తీర్చజాలదు. ప్రొద్దు పొడిచిన గంటకో గంటన్నరకో ఎండ ఏటవాలుగా రెక్కల క్రిందికి చేరును, అదియే అదను. పిదప నేలనుండి లేచు వేడిగాలికి చిత్రము చెదరును కూడ.

ఈ పక్షి గాలికి ఎదురుగా నిలుచును. శీతకాలమున ఈశాన్యపు గాలి వీచు ఉదయమున దానికి తూర్పున నిలువుడు. గాలియు ఎండయు మీ వెన్నుమీద, దాని కన్నులు మీవైపు. రెక్కల ఆట స్పష్టముగా నిలువవలెనన్న షట్టరు సెకనులో 2000వ వంతు ఉండవలెను. 1882లోనే ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు మారే, తుపాకివంటి కెమేరాతో ఎగురు పక్షులను సెకనుకు 12 చిత్రములు తీసెను. నేడు చిత్రములకు కొరత లేదు, వెలుగునకే.

తీగపై కూర్చున్న గద్దను ఎగురగొట్టుటకు రాయి విసరువారిని చూచితిని. బెదరిన పక్షి ఆ చేను విడిచిపోవును; దాని వేటయు చెడును, మీ చిత్రమును చెడును. గూటి దరికి అసలే పోరాదు. కూర్చున్నంతసేపు మీరును కూర్చుండుడు. ఆకలియైనప్పుడు అదియే లేచును.