నొక్కితే పత్రం... తప్పు పడితే తిప్పలు!

కరెంటు బిల్లుతో మొదలై కులధ్రువపత్రం దాకా, పాతికేళ్లలో సర్కారీ సేవలు ఫోనులోకి వచ్చేశాయి. మరి రికార్డులో ఒక్క అక్షరం తప్పుంటే దిద్దేదెవరు?

ఆదాయ ధ్రువపత్రం కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగినవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరైనా ఉంటారు. అర్జీ, జిరాక్సులు, గెజిటెడ్ అధికారి సంతకం, చివరికి 'సార్ క్యాంపులో ఉన్నారు' అనే జవాబు. ఆ బాధ చాలావరకు తీరింది. తీరడానికి పాతికేళ్లు పట్టింది.

కౌంటరు నుంచి వాట్సాప్‌కు

1999 డిసెంబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 'ట్విన్స్' పేరుతో ఒక ప్రయోగాత్మక కేంద్రం తెరిచారు. 2001 ఆగస్టులో అదే ఈసేవగా మారింది. కరెంటు బిల్లు, నల్లా బిల్లు, ఇంటిపన్ను... ఏ కౌంటరులోనైనా కట్టొచ్చు. అప్పటి జనానికి అదే పెద్ద వింత. అయితే చాలా ధ్రువపత్రాలకు మాత్రం ఆఫీసు గడప ఎక్కక తప్పేది కాదు.

ఆ ముడి విప్పింది 2011 నవంబరులో వచ్చిన మీసేవ. అధికారి డిజిటల్ సంతకం చేసిన రికార్డులు ముందే కంప్యూటరులో ఉంటాయి కాబట్టి అడంగల్, 1బి లాంటి భూమి పత్రాలు అప్పటికప్పుడు ప్రింటు తీసి ఇచ్చేస్తారు. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయ వ్యవస్థ కరపలో మొదలైంది. 15 వేలకు పైగా గ్రామ, వార్డు సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్లు అర్జీలు తీసుకుంటున్నారు. 2025 జనవరి 30న 161 సేవలతో వచ్చిన 'మన మిత్ర'తో వాట్సాప్‌లోనే దరఖాస్తు పెట్టుకునే వీలు కలిగింది.

ఫైలు కదిలే దారి మాత్రం పెద్దగా మారలేదు. ఆదాయ ధ్రువపత్రమే తీసుకుంటే, వీఆర్వో విచారించాలి, ఆర్‌ఐ చూడాలి, తహసీల్దారు ఆమోదించాలి. కాకపోతే ఇప్పుడు ఫైలు ఎవరి దగ్గర ఆగిందో దరఖాస్తు నంబరు కొడితే తెలిసిపోతుంది. అదేమీ చిన్న మార్పు కాదు.

ఒక్క మనిషి, మూడు పేర్లు

అసలు చిక్కు రికార్డులోనే ఉంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఆధార్‌లో అది చివరికి పోతుంది. రేషన్ కార్డులో పొడి అక్షరం ఒక్కటే మిగులుతుంది. పాస్‌బుక్కులో 'లక్ష్మి' కాస్తా 'లక్ష్మమ్మ' అవుతుంది. ఊళ్లో అందరికీ ఆమె ఒక్కతే. కంప్యూటరుకు మాత్రం ముగ్గురు. 'సరిపోలలేదు' అని తెర మీద పడితే పింఛనైనా, రైతు సాయమైనా అక్కడే ఆగుతుంది. డిజిటల్ అసిస్టెంటు చూడగలడు గానీ దిద్దలేడు. పాత రోజుల్లో గుమస్తా ఎర్రసిరాతో కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టేవాడు. ఆ వెసులుబాటు అక్రమాలకూ దారిచ్చిందన్నది నిజమే. దాన్ని మూసేసినప్పుడు దిద్దుబాటుకు వేరే తలుపు తెరవాలి కదా!

తెలంగాణ నేర్చిన పాఠం

2020 అక్టోబరులో తెలంగాణ భూరికార్డుల కోసం ధరణి పోర్టల్ తెచ్చింది. తహసీల్దారు ఆఫీసులో ఒక్కపూటలోనే రిజిస్ట్రేషన్, మ్యుటేషన్. రికార్డు సరిగ్గా ఉన్నవాళ్లకు పండగే. విస్తీర్ణం తగ్గినవాళ్లు, సర్వే నంబరు నిషేధిత జాబితాకెక్కినవాళ్లు మాత్రం దిద్దుబాటు కోసం కలెక్టరేట్ దాకా పోవాల్సి వచ్చింది. అప్పటి చట్టంలో అప్పీలుకు చోటే లేదు. దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న మొదలైన భూభారతి తహసీల్దారుకు, ఆర్డీవోకు సవరణ అధికారాలిచ్చింది. అప్పీలుకూ దారి చూపింది. అంటే తీర్చాల్సి వచ్చిన లోటు ఒక్క సాఫ్ట్‌వేర్‌దే కాదు, చట్టానిది కూడా.

కొత్త పోర్టల్ వచ్చినప్పుడల్లా అందులో ఎన్ని సేవలున్నాయో గొప్పగా చెబుతారు. పత్రం ఎన్ని రోజుల్లో ఇవ్వాలో గడువూ పెడతారు. తప్పు దిద్దడానికీ అలాంటి గడువే ఉండాలి. ఎవరు దిద్దుతారు, ఎన్నాళ్లలో, కాదంటే ఎవరికి చెప్పుకోవాలి? ఈ మూడూ దరఖాస్తు రసీదు మీదే అచ్చవ్వాలి. అందుకు కొత్త యాప్ అక్కర్లేదు, ఒక్క జీవో చాలు.