సాహసం, స్నేహం: ఒక సూపర్‌హీరోయిన్ నవలను ఆస్వాదించడం

సంపర్క తరగతుల్లో నేను విద్యార్థులను తరచుగా ఒక ప్రశ్న అడిగేదాన్ని: “ఈ మధ్య మీకు బాగా నచ్చిన పుస్తకం ఏది?” చాలామంది కాసేపు తటపటాయించి, పాఠ్యప్రణాళికలో ఉన్న ఏదో ఒక పేరు చెప్పి కూర్చునేవారు. రాత్రి నిద్ర మానుకొని చదివిన పుస్తకం వేరే ఉందని వారి ముఖాలే చెప్పేవి. ఆ సంకోచంలో నా తప్పు కూడా ఉంది. ఉద్యోగంలో ఉన్నంతకాలం కామిక్ పుస్తకాల నుంచి పుట్టిన నవలను సాహిత్యం దరిదాపులకు రానిచ్చేదాన్ని కాదు. పదవీ విరమణ తర్వాత చదివిన ఒక నవల నా చేత ఆ అభిప్రాయాన్ని మార్పించింది. ఈ పాఠంలో దాని గురించే చెప్పుకుందాం.

ఆ నవల పేరు ‘వండర్ ఉమన్: వార్‌బ్రింగర్’. రచయిత్రి లీ బార్డూగో. 2017లో వెలువడింది. యౌవన దశలో అడుగుపెడుతున్న పాఠకుల కోసం రాసే ‘యంగ్ అడల్ట్’ సాహిత్యశాఖకు చెందినది. వండర్ ఉమన్ పాత్ర మాత్రం చాలా పాతది. 1941లో అమెరికన్ కామిక్స్‌లో తొలిసారి కనిపించింది. దాన్ని సృష్టించిన విలియం మౌల్టన్ మార్స్టన్ మనస్తత్వశాస్త్రవేత్త. రక్తపోటును బట్టి అబద్ధాన్ని పట్టుకోవచ్చునా అని పరిశోధించిన వ్యక్తి. ఆమె చేతి బంగారు తాడుతో కట్టినవారు నిజమే చెప్పాలన్న సంగతి తెలిసినవారికి ఇది సరదాగా అనిపిస్తుంది.

బార్డూగో ఈ పాత్రకు కిరీటం పెట్టకముందు, అంటే డయానా ఇంకా పదిహేడేళ్ల పిల్లలా తడబడే రోజుల్లో కథ మొదలుపెట్టారు. అమెజాన్ వీరవనితల ద్వీపంలో మిగతావారంతా యుద్ధంలో ప్రాణాలు విడిచి, దేవతల దయతో అక్కడికి చేరినవారు. డయానా ఒక్కతే మట్టితో మలచబడి అక్కడే పుట్టింది. రాణి కూతురు. అందువల్ల ఆమెకు దక్కిన చోటు ఆమె సంపాదించుకున్నది కాదని అందరి చూపుల్లోనూ కనబడుతుంది. ఆ మాట పోగొట్టుకోవడానికి ఆమె ఒక పరుగు పందెంలో దిగుతుంది. పందెం మధ్యలో సముద్రంలో ఒక ఓడ పేలిపోవడం చూస్తుంది. బయటి మనుషులను ద్వీపంలోకి తేవడం నిషిద్ధం, తెస్తే వెలివేత. డయానా పందెం వదిలేసి నీళ్లలోకి దూకుతుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఇదే సాహసమని చాలామంది రాస్తారు. నా దృష్టిలో అసలు సాహసం దీని తర్వాత వస్తుంది. కాపాడిన అమ్మాయి ఆలియా కెరాలిస్, న్యూయార్క్ నుంచి వచ్చిన విద్యార్థిని. ఆమె వచ్చాక ద్వీపం కంపిస్తుంది, డయానా స్నేహితురాలు మేవ్ జబ్బుపడుతుంది. జోస్యం చెప్పే ఆరకిల్ దగ్గరికి వెళితే విషయం తెలుస్తుంది: ఆలియా ట్రాయ్ హెలెన్ వంశంలో పుట్టిన ‘వార్‌బ్రింగర్’. ఆమె బతికి ఉంటే లోకంలో యుద్ధాలు చెలరేగుతాయి. డయానా ఏమీ చేయనక్కర్లేదు. ఊరుకుంటే చాలు, ఆ పిల్ల తనంతట తానే చనిపోతుంది, ద్వీపం బాగుపడుతుంది. నీళ్లలోకి దూకడానికి ఆలోచన అక్కర్లేదు. లెక్క అంతా ఒక ప్రాణానికి వ్యతిరేకంగా నిలబడ్డాక కూడా ఆ చెయ్యి వదలకపోవడానికి గుండె కావాలి. డయానా ఆమెను తీసుకొని గ్రీసులోని థెరాప్నే ఊటకు బయలుదేరుతుంది. గడువులోగా అక్కడికి చేరితే ఆలియాకు శాపం నుంచి విముక్తి.

థెరాప్నే కల్పిత స్థలం కాదు. స్పార్టా పక్కన, యూరోటాస్ నదికి ఎగువ గుట్ట మీద ఉంది. హెలెన్‌కూ ఆమె భర్త మెనెలాస్‌కూ పూజలు జరిగిన గుడి శిథిలాలు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. హెలెన్ అనగానే మనకు యుద్ధమే గుర్తుకొస్తుంది. కానీ క్రీ.పూ. 3వ శతాబ్దపు కవి థియోక్రిటస్ ఆమె పెళ్లి గురించి రాసిన కవితలో వేరే హెలెన్ ఉంది. అక్కడ యూరోటాస్ ఒడ్డున ఆమెతో కలిసి పరుగెత్తిన 240 మంది ఈడు పిల్లలు, పెళ్లయి వెళ్లిపోతున్న ఆమెను తలచుకుంటారు. ఓడలు కదిలించిన అందగత్తె కాకముందు హెలెన్ కొందరికి స్నేహితురాలు. పరుగు పందెంతో మొదలైన నవల హెలెన్ ఊటవైపు సాగడం నాకు ఊరకే జరిగినట్టు అనిపించదు.

యుద్ధానికి స్త్రీని కారణం చేయడం మనకు కొత్త కాదు. కురుక్షేత్రానికి ద్రౌపది, లంకకు సీత అని తేలిగ్గా అనేస్తాం. జూదమాడినవారూ ఎత్తుకుపోయినవారూ ఆ వాక్యంలో కనిపించరు. వోల్గా ‘విముక్త’ కథల్లో సీత, శూర్పణఖలను ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించారు. ఆ కథ చదివినవారికి బార్డూగో చేస్తున్న పని వెంటనే అర్థమవుతుంది.

ఇక స్నేహం. అధ్యాయాలు డయానా వైపు నుంచి కొన్ని, ఆలియా వైపు నుంచి కొన్ని నడుస్తాయి. అందువల్ల బలమైన పిల్ల బలహీనురాలిని మోసుకుపోయే కథ కాకుండా పోయింది. న్యూయార్క్‌లో దారి చూపేది ఆలియా. నల్లజాతి తల్లికి పుట్టిన తనను లోకం ఎలా చూస్తుందో ఆమెకు తెలుసు, ద్వీపంలో పెరిగిన డయానాకు తెలియదు. ఆలియా ప్రాణ స్నేహితురాలు నిమ్, అసలు పేరు పూర్ణిమా చౌధరి, భారతీయ మూలాలున్న అమ్మాయి, బట్టలు డిజైన్ చేస్తుంది, నోటికి అడ్డూ ఆపూ ఉండదు. పురాణం బరువెక్కిన ప్రతిచోటా ఈ పిల్ల వచ్చి గాలి ఆడేలా చేస్తుంది. నవలలో నాకు అందరికన్నా ఇష్టమైన పాత్ర ఈమే.

అన్నిటికన్నా కష్టమైన ఘట్టం ఒక ప్రమాణం. తాము గడువులోగా చేరలేకపోతే తనను చంపెయ్యమని ఆలియా అడుగుతుంది. డయానా ఒప్పుకుంటుంది. కాపాడతానని మాట ఇవ్వడం స్నేహమైతే, ఇది ఏమిటి? నేను జవాబు చెప్పను, ముగింపు కూడా చెప్పను.

లోపాలు లేవని కాదు. మధ్యలో వెంటాడడాలు, తప్పించుకోవడాలు కొంత సాగుతాయి. ప్రేమ ప్రస్తావన లేకపోయినా కథకు నష్టముండేది కాదు. ఆ పేజీలు త్వరగా తిప్పేసినా ఫరవాలేదు.

తెలుగు మాధ్యమంలో చదివిన మీరు ఇంగ్లీషు నవల అనగానే నిఘంటువు వెతుక్కోకండి. తెలియని ప్రతి మాట దగ్గరా ఆగితే పందెం ఎక్కడ పోతోందో తెలియకుండా పోతుంది. మొదటి అధ్యాయం ఒక్క కూర్చుంటులో చదవండి. డయానా నీళ్లలోకి దూకే చోట పుస్తకం మూసి, ఆ క్షణంలో ఆమె ఏమేమి వదులుకుంటోందో మీ నోటుపుస్తకంలో నాలుగు వాక్యాల్లో రాయండి. తర్వాత ఆరకిల్ ఘట్టం చదివి, ఆ నాలుగు వాక్యాల కింద మరో నాలుగు రాయండి.