చివితావెక్కియా రేవు నుండి రోముకు రైలు ప్రయాణము
చివితావెక్కియా ఇటలీ దేశములోని లాజియో ప్రాంతములో, తిర్రేనియన్ సముద్ర తీరమున ఉన్న రేవు పట్టణము. విహార నౌకల కార్యక్రమ పత్రాలలో "రోము" అని ఉన్నప్పటికీ నౌకలు ఆగునది ఇక్కడనే. రోము నగరము ఇక్కడికి ఆగ్నేయముగా సుమారు 70 కిలోమీటర్ల దూరములో ఉన్నది.

ఈ రేవును క్రీ.శ. 2వ శతాబ్ది ఆరంభములో ట్రాజన్ చక్రవర్తి కట్టించాడు. రోముకు రైలుమార్గము 1859లో, ఈ ప్రాంతము పోపు పాలనలో ఉండగా ప్రారంభమైనది.

నౌక దిగినవారు బస్సులో రేవు ద్వారము చేరి, అక్కడినుండి మరొక బస్సులో గాని సముద్రపు ఒడ్డున నడిచి గాని స్టేషనుకు పోవచ్చును. "రెజియొనాలె" అనబడే ప్రాంతీయ రైలు సాన్ పియెత్రో, త్రాస్తేవెరె, ఓస్తియెన్సె స్టేషన్ల మీదుగా సుమారు గంటంపావులో తెర్మిని చేరుతుంది. సెయింట్ పీటర్స్ చర్చి చూడదలచినవారు సాన్ పియెత్రోలో దిగుట మేలు. తెర్మిని దాకా పోయి వెనుకకు వచ్చుట కాలహరణమే.

ప్రాంతీయ రైళ్ళలో సీటు రిజర్వేషను లేదు. కాగితపు టిక్కెట్టు కొన్నవారు రైలు ఎక్కే ముందు స్టేషనులోని యంత్రములో దానిపై ముద్ర వేయించుకోవాలి. భారతీయ యాత్రికులకు ఈ పద్ధతి కొత్త. ముద్ర లేనిచో టిక్కెట్టు ఉన్నా జరిమానా తప్పదు.

నౌకా సంస్థ ఏర్పాటు చేసిన యాత్ర ఆలస్యమైతే నౌక సాధారణముగా వేచి ఉంటుంది. సొంతముగా రైలులో వెళ్ళినవారి కొరకు ఆగదు. వారు తమ ఖర్చుతో తరువాతి రేవు చేరుకోవలసినదే. కాబట్టి తిరుగు ప్రయాణమునకు చివరి రైలును కాక, దానికి ముందరి రైళ్ళను ఎంచుకొనుట క్షేమము. ఇటలీలో రైల్వే సమ్మెలు అరుదు కావు. సమ్మె తేదీలను ముందుగానే ప్రకటిస్తారు. పనిదినాలలో ఉదయము 6 నుండి 9 వరకు, సాయంత్రము 18 నుండి 21 గంటల వరకు కొన్ని ప్రాంతీయ రైళ్ళను తప్పక నడుపుతారు గాని, సాయంత్రమే బయలుదేరే నౌక ప్రయాణికులకు ఆ రెండవ వేళ అక్కరకు రాదు.