ఇంజను ఎందుకు ఎదురు పేలుతుంది?

నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ కంభం చెరువును నింపి, మార్కాపురం ప్రాంతం మీదుగా సాగి, చివరకు బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ నదికి ఎగువన ఉన్న మనకు బావి గట్టు మీది ఆయిల్ ఇంజను పరిచితం. దిగువన సముద్రతీరాన ఉన్న మత్స్యకారులకు పడవ వెనుక బిగించే మోటారు పరిచితం. రెండింటికీ ఆధారం ఒకే శాస్త్రం. అయితే బావి మీద ఇంజను ఆగితే పైరుకు ఒక తడి ఆలస్యమవుతుంది. నడిసముద్రంలో ఆగితే పడవ గాలికీ కెరటాలకూ వశమవుతుంది. కావున పడవ ఇంజనులో పుట్టే ఎదురు పేలుడును గురించి, ఇంధన దోషాలను గురించి ఇక్కడ కొంత వివరింప దలచాము.

జర్మనీ దేశీయుడైన నికొలాస్ ఆటో 1876లో నాలుగు స్ట్రోకుల ఇంజనును రూపొందించాడు. 1892లో రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజనుకు పేటెంటు కోరాడు. పడవ వెనుక తగిలించే మోటారును అమెరికాలో 1909 ప్రాంతాన ఓలే ఎవిన్‌రూడ్ ప్రచారంలోకి తెచ్చాడు. నేటి యంత్రాలు ఎంత మారినా, గాలి, ఇంధనం, నిప్పు అనే మూడూ తగిన పాళ్లలో, తగిన క్షణాన కలియాలనే సూత్రం మాత్రం మారలేదు.

పేలుడు రెండు విధాలు

ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి తూకంలో సుమారు 15 పాళ్ల గాలి కావాలి. ఇంధనం తగ్గి గాలి ఎక్కువైతే మిశ్రమం పలుచబడి నెమ్మదిగా మండుతుంది. లోపలికి తీసుకొనే వాల్వు మరల తెరుచుకొనే వేళకు కూడా ఆ మంట ఆరకపోతే, అది కొత్తగా వచ్చే మిశ్రమాన్ని అంటించి కార్బురేటరు నోటి గుండా వెనుకకు తన్నుతుంది. ఇది ఎదురు పేలుడు. వాల్వు సరిగా మూసుకొనకపోయినా, నిప్పు రావలసిన సమయం తప్పినా, ప్లగ్గుల తీగలు తారుమారైనా ఇదే జరుగవచ్చు. రెండు స్ట్రోకుల మోటారులో, లోపలికి పోయిన మిశ్రమాన్ని వెనుకకు రానీయని పలుచని రేకు వాల్వులుంటాయి. అవి విరిగితే ఇంధనం కార్బురేటరు నుండి బయటికి చిమ్ముతుంది.

రెండవది సైలెన్సరు వైపు పేలుడు. ప్లగ్గు వెలగక మండకుండా మిగిలిన ఇంధనం వేడి గొట్టంలోకి పోయి అక్కడ అంటుకొంటుంది. మిశ్రమం మరీ చిక్కనైనా, నిప్పు ఆలస్యంగా వచ్చినా ఇదే ఫలితం. కావున శబ్దం ఏ వైపున వచ్చిందో గుర్తించడమే పరీక్షలో మొదటి మెట్టు.

ట్యాంకు నుండి ప్లగ్గు వరకు

అనుభవమున్న మిస్త్రీ ఎన్నడూ ముందుగా కార్బురేటరు విప్పడు. ఇంధనం నడిచే దారినే తానూ నడుస్తాడు. మొదట ట్యాంకు మూత. మూతలోని గాలి రంధ్రం మూసుకొనిపోతే ఇంధనం తగ్గేకొద్దీ లోపల శూన్యం ఏర్పడుతుంది. ఇంజను కొంతసేపు చక్కగా నడిచి, పిదప ఆయాసపడి ఆగిపోతుంది. మూత వదులు చేయగానే గాలి బుస్సుమని లోపలికి పోతే దోషం దొరికినట్లే.

తరువాత గొట్టం మధ్యన ఉండే రబ్బరు బల్బు. అది చప్పిడిగా లోపలికి నొక్కుకుపోయి ఉంటే అడ్డు ట్యాంకు వైపున ఉన్నది. ఇంజను నీరసించినప్పుడు బల్బును చేతితో నొక్కగా తిరిగి వేగం పుంజుకొంటే, ఇంధన పంపును అనుమానింపవలెను. గొట్టానికి సన్నని పగులున్నా, బిగింపు వదులైనా గాలి చొరబడి మిశ్రమం పలుచబడుతుంది.

నీరు పడవకు నిత్య శత్రువు. నీరు పెట్రోలు కంటె బరువు కావున ట్యాంకు అడుగున చేరుతుంది. అడుగు ఇంధనాన్ని గాజు సీసాలోకి తీసి కొంతసేపు కదపక ఉంచితే నీరు క్రింద, పెట్రోలు పైన విడివిడిగా కనబడతాయి. ఆపైన ఫిల్టరు, కార్బురేటరు జెట్టు శుభ్రం చేయాలి.

చివరకు ప్లగ్గు. దాని కొన లేత గోధుమ రంగులో ఉంటే ఆరోగ్యం, తెల్లబారితే మిశ్రమం పలుచన, మసిపట్టితే చిక్కన, తడిగా ఉంటే నిప్పు లేదని అర్థం.

కిరోసిన్, డీజిల్

కిరోసిన్ పెట్రోలు వలె సులభంగా ఆవిరి కాదు. అందుచేతనే కిరోసిన్ మోటారును పెట్రోలుతో మొదలిడి, వేడెక్కిన పిమ్మట కిరోసిన్‌కు మార్చుతారు. తొందరపడి మార్చితే పొగ, మసి, తడిసిన ప్లగ్గు తప్పవు. ఆపే ముందు మరల పెట్రోలుకు మార్చితే మరునాడు సులభంగా స్టార్టవుతుంది.

డీజిల్ ఇంజనుకు ప్లగ్గు నిప్పు అక్కరలేదు. గట్టిగా అదిమిన గాలి వేడికే ఇంధనం మండుతుంది. దానికి ముఖ్య వ్యాధి గొట్టంలో చేరిన గాలి. మన బావుల మీద చేసినట్లే గాలి మర వదులు చేసి, బుడగలు ఆగి డీజిల్ ధార వచ్చేవరకు చేతి పంపు ఆడించి, మరను తిరిగి బిగించాలి.

ప్రాణరక్షణ

పెట్రోలు ఆవిరి గాలి కంటె బరువైనది. మూసి ఉన్న పడవలో అది అడుగున పేరుకొంటుంది. ఆ స్థితిలో ఒక్క ఎదురు పేలుడు చాలు, పడవ అగ్నికి ఆహుతి కావడానికి. అందుకే పడవ లోపల అమర్చిన పెట్రోలు ఇంజనుల కార్బురేటరుకు మంటను ఆపే జల్లెడ అమర్చుతారు. దానిని తీసివేసి నడపరాదు. స్టార్టు చేయక ముందు అడుగు భాగానికి గాలి బాగా ఆడనీయాలి. బీడీ, దీపం దగ్గరికి రానీయరాదు. ఎంత మొరాయించినా కార్బురేటరు నోట్లో పెట్రోలు పోసి ఇంజను తిప్పరాదు.

విద్యార్థులు గ్రహింపవలసిన ముఖ్య విషయం మరొకటున్నది. ఒకేసారి నాలుగు మరలు తిప్పినవానికి ఇంజను బాగుపడినా ఎందువలన బాగుపడిందో తెలియదు. మరునాడు అదే దోషం వస్తే మరల చీకటిలో తడవవలసినదే. ఒక్కటి మార్చి, ఫలితం చూచి, తరువాతే రెండవది మార్చాలి. ప్రయోగశాలలో మనం నేర్చే పద్ధతి ఇదే. పడవలోనైనా, పొలంలోనైనా అక్కరకు వచ్చేదీ ఇదే.