మెస్సీయ కోసం యూదుల ఎదురుచూపు: అపోహలు – వాస్తవాలు

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ‘మెస్సీయ’ అంటే తెలియనివారు తక్కువ. 1880లలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ పాలమూరుకు వచ్చింది. 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ నల్లగొండలో పని మొదలుపెట్టాడు. తర్వాత మెన్నొనైట్ బ్రెదరన్ సంఘాలు దేవరకొండ, వనపర్తి, నాగర్‌కర్నూల్, జడ్చర్ల దాకా విస్తరించాయి. తరతరాలుగా ఇక్కడి ఇళ్లలో యెషయా, మీకా గ్రంథాలు చదువుతున్నారు. అవే గ్రంథాలను అంతకు ఎన్నో శతాబ్దాల ముందు నుంచీ చదువుతున్న యూదులు మెస్సీయ గురించి ఏమంటారో మాత్రం మనదాకా చేరలేదు. ‘వాళ్లు యేసును ఒప్పుకోలేదు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నాం. వాళ్ల నమ్మకాన్ని వాళ్ల వైపు నుంచి తెలుసుకోవడం న్యాయం.

అపోహ: మెస్సీయ దైవస్వరూపుడని యూదులు కూడా నమ్ముతారు, ఆయన ఎవరన్నదే తగువు.

వాస్తవం: తేడా అంతకన్నా లోతైనది. యూదుల సంప్రదాయంలో మెస్సీయ తల్లిదండ్రులకు పుట్టిన మనిషి, దావీదు వంశపు రాజు. మనిషిని దేవుడిగా కొలవడం వాళ్ల ధర్మానికే విరుద్ధం. 12వ శతాబ్దపు మహాపండితుడు మైమోనిడీస్ (1138–1204) మెస్సీయ కూడా అందరిలాగే చనిపోతాడని, ఆయన కొడుకు రాజ్యమేలుతాడని రాశాడు. యెషయా 45వ అధ్యాయంలోనైతే యూదుడే కాని పారసీక రాజు కోరెషును దేవుడు అభిషేకించినవాడని, అంటే మెస్సీయ అనే, పిలిచారు.

అపోహ: అద్భుతాలు చేసి చూపిస్తేనే యూదులు నమ్ముతారు.

వాస్తవం: మైమోనిడీస్ తన ధర్మశాస్త్ర గ్రంథం ‘మిష్నే తోరా’లో దీన్ని నేరుగా తోసిపుచ్చాడు. మెస్సీయ చనిపోయినవారిని లేపనక్కర్లేదు, ప్రకృతి నియమాలు మార్చనక్కర్లేదు. చూడాల్సింది పని. చెదిరిపోయిన ప్రజలను కూడగట్టాలి, యెరూషలేములో మందిరం మళ్లీ కట్టాలి, ధర్మాన్ని నిలబెట్టాలి. క్రీ.శ. 132–135లో రోమ్‌పై తిరుగుబాటు నడిపిన బార్ కోఖ్బాను మెస్సీయ అని రబ్బీ (యూదు మతగురువు) అకీవా అంతటివాడే నమ్మాడు. పండితులు అతణ్ని అద్భుతం అడగలేదంటాడు మైమోనిడీస్. యుద్ధంలో చనిపోయాక మాత్రం అతడు మెస్సీయ కాదని తేల్చుకున్నారు. తోడేలు, గొర్రెపిల్ల కలిసి ఉంటాయన్న యెషయా ప్రవచనాన్ని కూడా మైమోనిడీస్ జాతుల మధ్య శాంతికి ఉపమానంగానే చదివాడు.

అపోహ: మెస్సీయ తమ పాపాలు మోయడానికి వస్తాడని యూదులు ఎదురుచూస్తున్నారు.

వాస్తవం: యూదుల దృష్టిలో ఎవరి పాపానికి వారే పశ్చాత్తాపపడాలి. ఎదుటివాడికి చేసిన అన్యాయాన్ని ముందు సరిదిద్దుకోవాలి. ఏటా ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ నాడు ఉపవాసముండి క్షమాపణ వేడుకునేది అందుకే. మన చర్చిల్లో శుభశుక్రవారం వినిపించే యెషయా 53లోని ‘బాధపడే సేవకుడి’ని 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషీ ఇశ్రాయేలు ప్రజగా అర్థం చేసుకున్నాడు. యూదుల్లో అదే బాగా స్థిరపడిన వ్యాఖ్యానం.

అపోహ: మెస్సీయ వచ్చాక మిగతావాళ్లంతా యూదులు కావాల్సిందే.

వాస్తవం: యూదుడు కానివాడు మతం మారాలని ఈ సంప్రదాయం కోరదు. హత్య, దొంగతనం చేయకూడదు, న్యాయస్థానాలు నెలకొల్పాలి వంటి ఏడు నియమాలు నోవహు సంతానమందరికీ చాలంటుంది. అన్ని జాతుల్లోని నీతిమంతులకూ పరలోకంలో పాలుందన్నది రబ్బీల బోధ.

అపోహ: ఈ విషయంలో యూదులందరిదీ ఒకే మాట.

వాస్తవం: సనాతనులు వ్యక్తి కోసమే ఎదురుచూస్తూ రోజుకు మూడు పూటలా ప్రార్థిస్తారు. సంస్కరణవాద యూదులు 1885లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో చేసిన ప్రకటనలో వ్యక్తిని పక్కనబెట్టి సత్యం, న్యాయం, శాంతి నిండిన యుగాన్ని ఆశించారు. దావీదు వంశపు మెస్సీయకు ముందు యోసేపు వంశపు మెస్సీయ ఒకడు వచ్చి యుద్ధంలో చనిపోతాడన్న కథనం కూడా యూదుల ధర్మచర్చల సంకలనమైన తాల్ముద్‌లో ఉంది.

అపోహ: గుంటూరు జిల్లా యూదులు క్రైస్తవుల్లోనే ఒక శాఖ.

వాస్తవం: చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలోని బెనె ఎఫ్రాయిములు తెలుగు మాట్లాడే యూదులు. వీరిలో ఎక్కువమంది మాదిగ కులం నుంచి వచ్చారు, ఒకప్పుడు క్రైస్తవులు. 1980ల చివర్లో షమూయేల్, సాదోక్ యాకోబీ సోదరుల నాయకత్వంలో యూదు ధర్మాన్ని చేపట్టారు. శనివారం విశ్రాంతి దినం పాటిస్తారు, హీబ్రూ ప్రార్థనలు నేర్చుకుంటారు, తమకంటూ ప్రార్థనామందిరం కట్టుకున్నారు. యోసేపు కొడుకు ఎఫ్రాయిము గోత్రం తమదని చెప్పుకుంటారు. ఇజ్రాయెల్ ఈ సమూహాన్ని అధికారికంగా గుర్తించలేదు. అయినా చెదిరిన ఇశ్రాయేలు గోత్రాలన్నీ మెస్సీయ కాలంలో కలుస్తాయన్న ఆశ వీళ్లకు పుస్తకంలోని సంగతి మాత్రమే కాదు; అంటరానితనం చూసిన కుటుంబాలకు అది గౌరవంతో కూడిన ఊరు, పేరు.

అపోహ: యూదులు పనులు మానుకుని మెస్సీయ వచ్చే తేదీ లెక్కగడుతుంటారు.

వాస్తవం: అలా లెక్కలు కట్టేవాళ్లను తాల్ముద్ శపించింది. ఎందుకో 1666లో తేలింది. స్మిర్నాకు చెందిన సబ్బతై జెవీని మెస్సీయగా నమ్మి ఎందరో ప్రయాణానికి సిద్ధపడ్డారు. ఆ ఏడే అతడు ఒట్టోమన్ సుల్తాను ఎదుట ఇస్లాంలోకి మారాడు. రబ్బీల బోధ ఇంకో దారి చూపుతుంది: చేతిలో మొక్క ఉండగా మెస్సీయ వచ్చాడని కబురొస్తే, ముందు మొక్క నాటి ఆ తర్వాతే ఎదురెళ్లాలి.

యూదుల ఆశలో ముఖ్యమైంది ఇదే. లోకం బాగుపడాలి, అందాకా మనిషి తన వంతు పని ఆపకూడదు. మన సంఘాల్లో యెషయా బోధించేటప్పుడు, అదే వచనాన్ని యూదులు ఎలా చదువుతారో కూడా ఒక్క మాట చెప్పాలి. అందువల్ల ఎవరి విశ్వాసమూ తగ్గిపోదు. తరాలుగా పేరుకున్న అపనింద మాత్రం తగ్గుతుంది.